మసి తెల్లబడే దాకా

పెరట్లో రొట్టెలు, పిజ్జాలు కాల్చే గుమ్మటం పొయ్యి కడదామని పిలిస్తే మా తాపీ మేస్త్రి ముందుగా అడిగింది ఒకటే: "పొగగొట్టం నడినెత్తిన పెట్టమంటారా సార్?" కట్టెల పొయ్యిని చూసిన ఎవరికైనా తోచేది అదే. పొగ పైకి పోతుంది కాబట్టి దారి పైనే ఉండాలి. కానీ ఈ పొయ్యికి నెత్తిన చిల్లు పెడితే పొగ వెంట వేడి కూడా వెళ్లిపోతుంది. అందుకే పొగగొట్టాన్ని గుమ్మటం బయట, ద్వారం ముందు కడతారు.

ద్వారం ఎత్తు గుమ్మటం లోపలి ఎత్తులో సుమారు 63 శాతం ఉండాలన్నది ఇలాంటి పొయ్యిలు కట్టేవాళ్లు పాటించే లెక్క. మా పొయ్యి లోపలి వెడల్పు 90 సెంటీమీటర్లు, ఎత్తు 45, ద్వారం 28. అదే ద్వారంలో కింది నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది, పై భాగం నుంచి పొగ బయటికి పోతుంది. ద్వారం కన్నా ఎత్తున ఉన్న వేడి వాయువులు మాత్రం తలకిందులైన మడుగులా గుమ్మటంలో నిలిచి, తమ వేడిని ఇటుకలకు అప్పగించాకే బయటపడతాయి.

రొట్టెను కాల్చేది నిజానికి ఆ ఇటుకలే. నేల ఇటుక అడుగు నుంచి కాలుస్తుంది, గుమ్మటం పై నుంచి వికిరణం, అంటే వేడి కిరణాలు, కురిపిస్తుంది. ఈ వికిరణం పరమ ఉష్ణోగ్రతకు (మైనస్ 273 డిగ్రీలను సున్నాగా తీసుకుని లెక్కించేది) నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇంట్లో వాడే కరెంటు ఓవెన్ సాధారణంగా 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోతుంది. గుమ్మటం 450కి చేరుతుంది. అంకెల్లో రెట్టింపు కూడా కాదు, వికిరణం మాత్రం మూడున్నర రెట్లు దాటుతుంది. ఇటలీలోని నేపుల్స్ పద్ధతి పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో కాలడానికి కారణం ఇదే. ఆ వేడిలో నేలకు ఇనుప పలక వేస్తే అడుగు క్షణాల్లో బొగ్గవుతుంది. ఇటుక అలా కాదు, ఉన్న వేడిని ఆచితూచి వదులుతుంది.

ఆ వేడిని ముందు దాచుకోవాలి కదా. గుమ్మటం, నేల కలిపి 500 కిలోల ఇటుక అనుకుందాం. కిలో ఇటుకను ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు ఒక కిలోజౌల్ కావాలి. మొత్తాన్ని 400 డిగ్రీలు పెంచాలంటే 200 మెగాజౌళ్లు. కిలో ఎండుకట్టె ఇచ్చేది 15 మెగాజౌళ్లనుకుంటే, ఏమాత్రం వృథా కాకపోయినా 13 కిలోల కట్టెలు కాల్చాలి. కాబట్టి దాచినది జారిపోకుండా చూసుకోవడమే అసలు పని. గుమ్మటం మీద పిల్లిబొచ్చులా ఉండే సిరామిక్ ఫైబర్ దుప్పటి కప్పాను. నేల కింద వేయాల్సింది మాత్రం మరిచాను. సిమెంటు పలక వేడంతా తాగేసింది, రొట్టెల అడుగు పాలిపోయింది. నేల మొత్తం పెకలించి, రైసు మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద పరిచాక గానీ దారికి రాలేదు. సిలికాతో నిండిన ఈ బూడిదనే ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన కప్పుతారు. మన మిల్లుల వెనక ఇది గుట్టలుగా పడి ఉంటుంది.

మాలు విషయంలోనూ మేస్త్రితో వాదన తప్పలేదు. మామూలు సిమెంటులో గట్టితనానికి తోడుండే కాల్షియం హైడ్రాక్సైడ్ 400 డిగ్రీలు దాటాక విడిపోవడం మొదలుపెడుతుంది. అందుకని ఇసుక మూడు పాళ్లు, వేడికి తట్టుకునే ఫైర్ క్లే మట్టి, సున్నం, సిమెంటు ఒక్కో పాలు కలిపాం.

ఇంత చేసినా పగుళ్లు వచ్చాయి. అర్ధగోళంలో పై భాగం ఇటుకలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ నిలబడతాయి. శిఖరం నుంచి సుమారు 52 డిగ్రీలు దిగాక ఒత్తిడి పోయి, గుమ్మటాన్ని చుట్టూ విప్పదీసే లాగుడు మొదలవుతుంది. లాగితే ఇటుక ఓర్చుకోదు. పగులు పాదం దగ్గర పుట్టి నిలువుగా పైకి పాకుతుంది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటానికీ ఇదే జబ్బు; 18వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త జొవాన్నీ పొలేనీ పరిశీలించి, ఇనుప వలయాలు బిగించమని చెప్పాడు. నా పొయ్యికి అంత హంగు అవసరం లేదనుకుని చుట్టూ పాదం దగ్గర కట్టడం మందం చేయించాను.

తర్వాత వారం రోజులు చిన్న చిన్న మంటలే. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, తొందరపడితే లోపలి తడి ఇటుకనే పెళ్లగిస్తుంది.

అసలైన మంట వేసిన రోజు ముందు గుమ్మటమంతా మసిబారి నల్లగా అయిపోయింది. గంటన్నర గడిచాక శిఖరం దగ్గర అరచేతంత తెల్లమచ్చ కనిపించింది. ఇటుక వేడికి మసి కూడా కాలిపోతుంది. మచ్చ నెమ్మదిగా పక్కలకు దిగి, ద్వారం మూలల దాకా వచ్చింది. థర్మామీటరు అక్కర్లేదు, పొయ్యి సిద్ధం.

మర్నాడు కూలి డబ్బుల కోసం వచ్చిన మేస్త్రి లోపలికి తొంగిచూసి, "ఎప్పుడు సున్నం కొట్టించారు సార్?" అన్నాడు.