మోటరు పక్కన కనబడని బొగ్గు గంప

దేవరకొండ వైపు మా బాయికాడ ఐదు హెచ్‌పీ మోటరు ఒకటుంది. నాయిన స్టార్టర్ డబ్బా తెరిచి పచ్చ బటన్ నొక్కితే ముందు గుర్రుమని చప్పుడు, తర్వాత పైపు రెండుసార్లు దగ్గుతుంది, గాలీ నీళ్లూ కలిసి తుంపర్లు, ఆపైన ధార. వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి బిల్లు రాదు. బిల్లు రాని దానికి లెక్కెవరు వేస్తారు?

ఒకరోజు నేను వేశాను. ఆ మోటరు ఆరు గంటలు నడిస్తే దగ్గరదగ్గర 22 యూనిట్లు. అదంతా బొగ్గు కరెంటే అనుకుందాం. మన బొగ్గుతో ఒక యూనిట్ రావాలంటే ఆరేడు వందల గ్రాములు కాల్చాలి. అంటే మా వరి మడికి రోజూ పదిహేను కిలోలు, ఒక గంపెడు. అందులో మూడోవంతు దాకా బూడిదే. గాల్లోకి పోయే కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఇరవై కిలోలు! కాల్చిన దానికన్నా పొగ బరువెక్కువ ఎలా అయింది? బొగ్గులోని ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువులను వెంటేసుకుని పోతుంది. ఆ రెండూ కలిపితే దాని బరువుకు రెండున్నర రెట్లు పైనే.

ఈ కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త 1859లోనే ప్రయోగం చేసి చూపించాడు. కొత్త సంగతేమీ కాదు. 1977లో ఎక్సాన్ అనే అమెరికా చమురు కంపెనీ పెద్దలకు వాళ్ల సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఇదే విషయం విడమరిచి చెప్పాడు. ఆ తర్వాతి ఏళ్లలో కంపెనీ శాస్త్రవేత్తలు భూమి పదేళ్లకు 0.2 డిగ్రీల చొప్పున వేడెక్కుతుందని లెక్కగట్టారు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆ పాత అంచనాలను జరిగిన దానితో పోల్చి చూస్తే చాలావరకు సరిపోయాయి. లోపల ఇంత కచ్చితమైన లెక్క. బయట మాత్రం 1989లో చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అని కూటమి కట్టి ‘ఇంకా ఏదీ తేలలేదు’ అని పదేళ్లకు పైగా ప్రచారం చేశాయి. అబద్ధం చెప్పడం కన్నా అనుమానం నాటడం చౌక. ‘కార్బన్ ఫుట్‌ప్రింట్’, అంటే ఒక్కో మనిషి వల్ల గాల్లోకి పోయే కార్బన్ లెక్క, అనే మాటను ఊరూరా తిప్పింది కూడా బీపీ అనే చమురు కంపెనీ ప్రకటనలే. తప్పు నీది, నీ ఇంటి ఫ్యాన్‌ది అన్నట్టు.

మన దగ్గర కథ ఇలా లేదు. ఇక్కడ బొగ్గు కంపెనీ అంటే సింగరేణి, దాంట్లో 51 శాతం మన తెలంగాణ రాష్ట్రానిదే. లాభాల్లో వాటా కార్మికుల ఇళ్లకు వస్తుంది. రైల్వేకు సరుకు రవాణా ఆదాయంలో పెద్ద ముద్ద బొగ్గుదే. విలన్ ఎవరంటే వేలు పెట్టి చూపడం కష్టం. ఇక్కడ బొగ్గు పట్టు ప్రచారంలో కన్నా ఒప్పందాల్లో ఉంటుందని నా అభిప్రాయం.

దామరచర్ల దగ్గర వీర్లపాలెంలోని యాదాద్రి థర్మల్ కేంద్రాన్నే చూడండి. 4000 మెగావాట్లు. 2015లో శంకుస్థాపన, 2024 డిసెంబరులో మొదటగా ఒక యూనిట్ (అంటే ఇక్కడ కరెంటు తీసే యంత్రం) జాతికి అంకితం. ఐదు యూనిట్లూ నిండుగా నడిస్తే రోజుకు బొగ్గు అరవై వేల టన్నుల పైమాటే, అంటే పదిహేను గూడ్సు బండ్లు. గోదావరి ఒడ్డు బొగ్గు కృష్ణ ఒడ్డుకు రావాలి. ఈలోగా బయట ఏమైంది? దేశంలో సోలార్ యూనిట్ ధర 2010 వేలంలో పది రూపాయలు దాటింది, 2017లో రాజస్థాన్ భడ్లాలో 2.44కు, 2020లో గుజరాత్‌లో 1.99కి దిగింది. కానీ థర్మల్ ఒప్పందాల్లో మామూలుగా ధర రెండు ముక్కలు. కాల్చిన బొగ్గుకు ఒకటి, కేంద్రం సిద్ధంగా ఉన్నందుకు ఇంకొకటి. ఈ రెండోది కరెంటు కొన్నా కొనకపోయినా కట్టాల్సిందే, అదీ పాతికేళ్లు. అట్లాంటప్పుడు పక్కన చౌక కరెంటు దొరికినా కరెంటు కొని ఇళ్లకూ చేలకూ పంచే సంస్థ, డిస్కం, చేయి ముందుకు రాదు.

సోలార్‌కూ దాని తిప్పలు దానికున్నాయి. సోలార్ పలక శక్తిని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. పాలమూరు మే ఎండలో పలక 65 డిగ్రీలకు పోతుంది. డిగ్రీకి 0.4 శాతం చొప్పున ఆరోవంతు దాకా తగ్గిపోతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకునేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. పలకకు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ఇక పొద్దుగూకితే సున్నా.

ఆ సున్నాకు మందు సగం మన జిల్లాల్లోనే ఉంది. నాగార్జునసాగర్‌లో ఏడు యూనిట్లు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు, వెనక్కి కూడా తిరగగలవు. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడి, కరువైనప్పుడు వదిలి కరెంటు తీస్తాయి. వీటిని కట్టింది రాత్రిపూట మిగిలే కరెంటును వాడుకుందామని. ఇప్పుడు మిగులు మధ్యాహ్నానికి మారుతోంది. టర్బైన్‌కు ఆ తేడా పట్టదు.

అంతకన్నా సులువైన బ్యాటరీ మా మడే. నీళ్లు రాత్రి పారినా, సోలార్ కరెంటుండే పగలు పారినా వరికి ఒకటే. కరెంటు రాగానే మోటరు దానంతటదే నడిచేలా చేసే ఆటో స్టార్టర్‌ను నాయిన పీకేశాడు, తొమ్మిదింటికి వేసి నాలుగింటికి ఆపేస్తాడు. సోలార్ మీద ప్రేమతో కాదు, బోరు అడుగంటుతుందని, చీకట్లో పురుగూ పుట్రా ఉంటాయని. పక్క చేనులో మోటరు మాత్రం రాత్రి రెండింటికి కూడా గుర్రుమంటూనే ఉంటుంది.