పేజీ ఎవరు తిప్పాలి? బొమ్మల పుస్తకాలు: అపోహలు, వాస్తవాలు

బెంగళూరు కె.ఆర్. పురంలో మా ఇంటి కింది గదిలో తొమ్మిదేళ్లుగా శనివారం సాయంత్రాలు పిల్లల పుస్తకాల గంట నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జంటలు, మనవలను చూసుకోవడానికి వచ్చిన తాతలు, అమ్మమ్మలు. పిల్లలకు ఏడాది నుంచి అయిదేళ్లు. వాళ్లతో నాకు పేచీ లేదు. పేచీ అంతా పెద్దల నమ్మకాలతోనే.

అపోహ: మాటలే రాని పసిబిడ్డకు పుస్తకం ఎందుకు?

పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. ఒడిలో వేసుకుంటే మీ ముఖం ఉండేది సుమారు అంత దూరంలోనే. పుస్తకాన్నీ అక్కడే పట్టుకోండి. నలుపు తెలుపుల్లో ముదురు గీతల బొమ్మలైతే ఇంకా మంచిది. పసితనం నుంచే బిడ్డకు చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలంటూ అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే తన సభ్యులకు సూచించింది. ఇక నమలడం అంటారా, ఆరు నెలల పిల్ల దేన్నయినా నోటితోనే పరిచయం చేసుకుంటుంది. మా గదిలో మూలలు నానని అట్ట పుస్తకం ఒక్కటీ లేదు.

అపోహ: మొదటి పేజీ నుంచి చివరి దాకా ఉన్నది ఉన్నట్లు చదవాలి.

అన్నిటికన్నా మొండి నమ్మకం ఇదే. మూడేళ్ల కిందట మదనపల్లె నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ, రెండున్నరేళ్ల మనవణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. చేతికి దొరికింది ఇంగ్లిష్ పుస్తకం. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, పైగా కళ్లజోడు ఇంట్లో మరిచిపోయారు. బొమ్మలో కూరగాయల బండి ఉంది.

"చూడు నాన్నా, ఈ బండాయన టమాటాలన్నీ ఎండలో పెట్టాడు. మెత్తబడిపోవూ? ఈయనకు గొడుగు కూడా లేదే!"

పిల్లవాడు పుస్తకం మీదికి వంగి చాలాసేపు చూశాడు. చక్రం పక్కన నల్లగా ఉన్న గీత మీద వేలు పెట్టి "గొదుగు" అన్నాడు. నిజమే, అది మడిచి పెట్టిన గొడుగు. ఆ పుస్తకాన్ని నేను యాభైసార్లు చదివి ఉంటాను, ఒక్కసారీ నా కంటబడలేదు. ఆ ఒక్క పేజీ మీద ఇద్దరూ పావుగంట కూర్చున్నారు. ఇంతలో కూతురు వచ్చి, "అమ్మకు ఇంగ్లిష్ రాదండీ, ఏదో కల్పించి చెబుతోంది" అని నొచ్చుకున్నారు. ఆ సాయంత్రం అందరికన్నా బాగా చదివింది మీ అమ్మగారేనంటే, మొహమాటానికి అన్నాననుకున్నారు.

మొహమాటం ఏమీ లేదు. 1988లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులలో కొందరికి ఒక పద్ధతి నేర్పింది. ఒక్క మాటతో తేలిపోని ప్రశ్నలు అడగడం, పిల్ల అన్న మాటకు ఇంకొంత చేర్చి తిరిగి చెప్పడం. మిగిలినవాళ్లను ఎప్పటిలాగే చదువుకోమన్నారు. నెల తిరిగేసరికి మొదటి జట్టు పిల్లలు మాట్లాడటంలో ముందున్నారు. మన అమ్మమ్మ చేసిందీ అదే, ఎవరూ నేర్పకుండా.

ఇంకొకటి. 2005లో కెనడా పరిశోధకులు పరికరంతో కంటిచూపును గమనించారు. పెద్దలు చదివి వినిపిస్తున్నప్పుడు చిన్నపిల్లల చూపు దాదాపు అంతసేపూ బొమ్మల మీదే ఉంది, అక్షరాల మీద వాలింది బహు తక్కువ. రెండు వాక్యాలు చదివేసి మీరు పేజీ తిప్పేస్తే, పిల్ల ఇంకా బండి దగ్గరే ఉంటుంది. అందుకే మా గదిలో పేజీ తిప్పే హక్కు పిల్లలది. నాలుగు పేజీలు ఒక్కసారిగా తిప్పినా సరే.

అపోహ: ప్రశ్నలు ఎన్ని అడిగితే అంత మంచిది.

పైది చదివి కొందరు ఈ గోతిలో పడతారు. ఒక తండ్రి ప్రతి బొమ్మ దగ్గరా ఆగి "ఇది ఏ రంగు? ఎన్ని ఉన్నాయి?" అని అడుగుతుంటే, మూడేళ్ల కూతురు పుస్తకం మూసి దాని మీద కూర్చుంది. నేను ఆ పిల్ల పక్షమే. జవాబు మీకు తెలిసే అడుగుతున్నారని పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. నోరు మూసుకొని మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి, పెద్దలకు ఇదే కష్టం. పిల్ల "కుక్క" అంటుంది. అప్పుడు మీరు "అవును, తడిసిపోయిన కుక్క. తోక ఎలా వేలాడేసిందో!" అనండి. చాలు.

అపోహ: చదివిన పుస్తకమే మళ్లీ మళ్లీ చదివితే ఏమీ రాదు.

వస్తుంది. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగం ఇది. కొత్త మాటలు అవే, వినిపించినన్ని సార్లూ అవే. కొందరు మూడేళ్ల పిల్లలకు అవి ఒకే కథలో పదేపదే వినిపించాయి, కొందరికి వేరువేరు కథల్లో. ఒకే కథ విన్నవాళ్లకే ఆ మాటలు బాగా పట్టుబడ్డాయి. పుస్తకాన్ని ఫ్రిజ్ మీద దాచిన తల్లులు నాకు తెలుసు. విసుగు మీది, పిల్లది కాదు.

అపోహ: ఇన్ని భాషలైతే పిల్ల తికమకపడుతుంది, ఇంగ్లిష్ ఒక్కటే చాలు.

బెంగళూరులో రోజుకొకరు ఇదే అడుగుతారు. ఇంట్లో తెలుగు, లిఫ్టులో కన్నడం, బడిలో ఇంగ్లిష్. పిల్ల "నాయి వచ్చింది" అంటే తల్లికి గాభరా. ఆ పిల్లకు కుక్కను పిలవడానికి రెండు మాటలు వచ్చు, అంతే. భాషలు కలిపి మాట్లాడటం ఆ వయసులో మామూలే, తికమక లక్షణం కానే కాదు. మాటలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. మీకు ఏ భాషలో నవ్వు, కోపం, వెక్కిరింపు సులువుగా వస్తాయో ఆ భాషలోనే చెప్పండి.

తెలుగులో పుస్తకాలు దొరకవనే సాకు కూడా పనికిరాదు. చెన్నైలోని తూలిక తెలుగులోనూ, తెలుగు ఇంగ్లిష్ కలిపి రెండు భాషల్లోనూ బొమ్మల పుస్తకాలు వేస్తుంది. సికింద్రాబాదులో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ ఉంది, ధరలూ తక్కువే. ఈ ఊరిదే అయిన ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దించుకొని అచ్చు వేసుకోవచ్చు. కొన్ని అనువాదాల్లో భాష బిగుసుకుపోయి ఉంటుంది. "శునకము" అని ఉంటే "కుక్క" అని చదివేయండి, ఎవరూ అడగరు.

అపోహ: ఫోనులో కథ పెట్టినా అంతే కదా.

2019లో అమెరికాలో 37 జంటలను గమనించారు. ఒక్కో జంటలో ఒక పెద్ద, ఒక చిన్నపిల్ల. కాగితం పుస్తకంతో కథ గురించి సాగినంత మాట, ట్యాబ్లెట్‌లోని పుస్తకంతో సాగలేదు. ఫోను తప్ప దారి లేకపోతే శబ్దాలు, కదిలే బొమ్మలు ఆపేసి మీరే చెప్పండి.

అపోహ: పుస్తకాలు చదివిస్తే ఆలస్యమైన మాటలు అవే వస్తాయి.

ఇక్కడ మాత్రం నేను కటువుగానే ఉంటాను. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, పుస్తకం పక్కన పెట్టి పిల్లల వైద్యుణ్ణి కలవండి. మొదట వినికిడి పరీక్ష చేయించండి. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అని బంధువులు చెప్పే మాట మీద ఏడాది గడిపేయవద్దు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, మనకు దగ్గరే.

అపోహ: చింపేస్తారు, కాస్త పెద్దయ్యాక ఇద్దాం.

చింపుతారు. మా బల్ల మీద టేపు చుట్ట ఎప్పుడూ ఉంటుంది. "నేను చింపలేదు" అంటూ తెచ్చినవాళ్లే రెండు ముక్కలూ కలిపి పట్టుకుంటారు, నేను అతికిస్తాను.