కొల్లేరులో గట్లు మళ్లీ ఎందుకు లేచాయి?

కొల్లేరు అభయారణ్యంలో చేపల చెరువుల గొడవ 2025లో మళ్లీ సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఒకవైపు చెరువుల గట్లు తీయాలనే అటవీశాఖ, ఇంకోవైపు రోడ్డెక్కిన లంక గ్రామాల జనం. గూడబాతులు, చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా 2006కి వెళ్దాం, ఎందుకంటే అసలు ముడి అక్కడే పడింది.

ఆ ఏడాది కోర్టు ఆదేశంతో వైఎస్ ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పోలీసుల్ని, యంత్రాల్ని దింపి ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన హద్దు) లోపల చెరువుల గట్లు తెంచేసింది. తెంచడం నెలల్లో అయిపోయింది. మళ్లీ పోయకుండా చూడాలంటే మాత్రం 308 చదరపు కిలోమీటర్ల నీళ్లలో, బురదలో ఏళ్ల తరబడి కాపలా ఉండాలి, అది నిలబడలేదు, గట్లు మళ్లీ లేచాయి. పైగా రెండేళ్లకే, 2008లో, అదే ప్రభుత్వం ఉండగా, అభయారణ్యాన్ని ప్లస్ 3కి కుదించమని అసెంబ్లీ తీర్మానం చేసింది. హద్దే తగ్గిపోతుందని పెద్దలే ఆశ పెడితే గట్టు పోసేవాడికి భయం ఎందుకుంటుంది? తగ్గించొద్దని తర్వాత కేంద్రం వేసిన అజీజ్ నిపుణుల కమిటీ తేల్చినా ఆ ఆశ చావలేదు.

అటవీశాఖ చెప్పేది సూటిగానే ఉంది: అభయారణ్యాన్ని ప్రకటించిన 1999 నాటి జీవో 120 ప్రకారం లోపల ఆక్వా సాగు నిషేధం, సంప్రదాయ చేపల వేటకే అనుమతి.

ఊళ్లవాళ్ల మాట అంత చిన్నది కాదు. 1970ల్లో మత్స్యకారుల సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. 1999లో గీత గీసినప్పుడు వేల ఎకరాల జిరాయితీ, అంటే పట్టా భూమి, లోపల పడిపోయింది. పరిహారం తేలలేదు, నచ్చినట్టు సాగు చేసుకునే వీలూ పోయింది. ఈలోగా సొసైటీ చెరువులు లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతుల్లోకి జారాయి. లాభం వాళ్లది, యంత్రం వచ్చిన రోజు అడ్డంగా నిలబడేది మాత్రం కూలికి పోయే ఊరి మనిషి.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చేరేది కొల్లేరుకే, అక్కణ్ణుంచి సముద్రానికి దారి ఉప్పుటేరే, కాబట్టి అడ్డుగట్లు తీయాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈసారి ముందు జిరాయితీ లెక్క తేల్చి డబ్బు చేతికివ్వాలి, లీజుదారుల పేర్లు బయటపెట్టాలి, ఆ తర్వాతే యంత్రాలు దిగాలి.