నాలుగు సోనార్లు, ఒక ఈల

పటమటలో మా వీధి అమ్మాయి తొమ్మిదో తరగతి పుస్తకం పట్టుకొచ్చి అడిగింది: "సార్, ఓడ కింద ఒక్క సోనార్ ఉంటే లెక్క తెలిసింది. నాలుగుంటే ఏ ప్రతిధ్వని దేనిదో ఎట్లా తెలుస్తుంది?" నీళ్లలోకి ధ్వని వదిలి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు చెప్పే యంత్రం సోనార్. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఇంత మంచి ప్రశ్న తరగతిలో వినలేదు. తప్పు పిల్లలది కాదు. ధ్వని వేగాన్ని కాలంతో గుణించి రెండుతో భాగించడం దగ్గరే మన పాఠం ఆగిపోతుంది.

చేపల పరిశోధన ఓడల్లో 38, 70, 120, 200 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాల సౌండర్లు (కిందికి చూసే సోనార్లు) పక్కపక్కనే ఉంటాయి. గాలితిత్తి ఉన్న చేప ఒకలా, రొయ్యలాంటి చిన్న జీవి మరోలా వీటికి బదులిస్తాయి. ఆ తేడాను బట్టే గుంపు దేనిదో అంచనా వేస్తారు. పైగా నీటి ప్రవాహాన్ని ధ్వనితోనే కొలిచే యంత్రం ఇంకొకటి.

ఇక అసలు గొడవ. మన సౌండర్ సెకనుకోసారి పింగ్ (చిన్న ధ్వని) వదులుతోంది, పక్కది 1.1 సెకన్లకోసారి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారనుకోండి. పక్కదాని రెండో పింగ్ మన రెండో పింగ్ తర్వాత 0.1 సెకనుకు నేరుగా మనకు వినబడుతుంది. మన యంత్రం అది తన ప్రతిధ్వనే అనుకుంటుంది. సముద్రంలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు వెళ్తుంది. 0.1 సెకనుకు 150, రానుపోను కాబట్టి సగం. తెర మీద 75 మీటర్ల లోతున చుక్క పడుతుంది. తర్వాతిది 150 దగ్గర, ఆపైది 225 దగ్గర. అలా 675 దాకా ఏటవాలుగా దిగి, మళ్లీ పైనుంచి మొదలు. నీళ్లలో లేనిదేదో తెర మీద మెట్లు దిగుతుంటుంది!

దీనికి విరుగుడు కొండ దగ్గర చూడొచ్చు. ఉండవల్లి కొండకు 170 మీటర్ల దూరంలో నిలబడి చప్పట్లు కొడితే సెకను తర్వాత బదులొస్తుంది. (సాయంత్రం పూట కొండ బదులిస్తే దెయ్యమని మా చిన్నప్పుడు భయపెట్టేవారు. దూరం జరిగినకొద్దీ బదులు ఆలస్యమవుతుందని వాచీతో చూపిస్తే ఆ భయం నిలవదు.) నలుగురు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు కొడితే ఏదీ తెలియదు. ఒకరు ఈల వేసి, ఈలకు నలుగురూ కలిసి కొడితే? పక్కవాడి చప్పట్లు మన చప్పట్ల క్షణంలోనే పడతాయి. అప్పుడు మన చెవి ఎలాగూ వినదు. ఆ తర్వాత వచ్చేవి ప్రతిధ్వనులే. ఓడలో ఆ ఈల ఒక విద్యుత్ సంకేతం, ట్రిగ్గర్ అంటారు. పక్కవాడి శబ్దాన్ని అది ఆపదు, మనం వినని క్షణంలోకి నెడుతుంది. ప్రతిధ్వనులను పౌనఃపున్యాన్ని బట్టి ఫిల్టర్లు వేరు చేస్తాయి. అయితే 38 మరీ గట్టిగా అరిస్తే దాని మూడో హార్మోనిక్, అంటే మూడు రెట్ల పౌనఃపున్యం, 114 దగ్గర పుట్టి 120లోకి చొరబడగలదు. అందుకే పవర్ తగ్గిస్తారు. పౌనఃపున్యాలు మరీ దగ్గరగా ఉన్న యంత్రాలకు వంతులు వేస్తారు.

దీనికి ఖర్చుంది. అందరూ నెమ్మదైనవాడి కోసం ఆగాలి. 3000 మీటర్ల లోతుకు రానుపోను 4 సెకన్లు. సెకనుకు 5 మీటర్లు నడిచే ఓడ ఈలోగా 20 మీటర్లు దాటిపోతుంది, మధ్యలో ఉన్న చిన్న గుంపు తప్పిపోవచ్చు.

ఆగలేక సెకనుకోసారి వదిలితే ఇంకో చిక్కు. 900 మీటర్ల లోతున ఉన్న సముద్రపు అడుగు నుంచి బదులు 1.2 సెకన్లకు వస్తుంది. అప్పటికే రెండో పింగ్ వెళ్లి 0.2 సెకను అయింది, కాబట్టి 150 మీటర్ల దగ్గర దొంగ అడుగు కనిపిస్తుంది. ఇది మన సొంత పాత ప్రతిధ్వనే, ఏ ఈలా దీన్ని ఆపలేదు. పింగ్ వ్యవధి కొంచెం మార్చి చూడాలి. తెర మీద చేపలు ఉన్నచోటే ఉంటాయి, దొంగ అడుగు జరుగుతుంది.

"0.9 సెకన్లకు మారిస్తే?" అన్నాను. అమ్మాయి పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసింది. "225 మీటర్లు సార్."