చెక్ ఇంజన్ లైటు మళ్లీ ఎందుకు వెలుగుతుంది?

డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ మొదటిసారి వెలిగినప్పుడు కలిగే టెన్షన్ చిన్నది. వేలు పోసి రిపేరు చేయించాక, పది రోజులు తిరక్కుండా అదే బొమ్మ మళ్లీ కనిపించినప్పుడు కలిగేది అసలు టెన్షన్. ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు, చివరికి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా మార్చారు. ప్రతిసారీ షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు లైటు ఆరిపోయే ఉంది. తిరకాసంతా అక్కడే ఉంది. కారు కంప్యూటర్ రాసుకున్న తప్పు నంబరుని, అంటే కోడ్‌ని, స్కానర్‌తో కొట్టేస్తే లైటు ఎవరికైనా ఆరుతుంది, లోపల తప్పు ఉన్నా లేకపోయినా.

ఈ లైటు పుట్టింది ఇంజన్ కోసం కాదు, ఊరి గాలి కోసం. లాస్ ఏంజెలెస్‌ని కమ్మేస్తున్న మబ్బులాంటి పొగకి కారణం కార్లూ రిఫైనరీలూ వదిలే వాయువులు ఎండలో చర్య జరపడమేనని 1950ల మొదట్లో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. కాలిఫోర్నియా అప్పటినుంచి కార్ల పొగ వెంట పడింది. తన పొగని తనే గమనించుకునే ఏర్పాటు 1988 మోడళ్ల నుంచి ప్రతి కొత్త కారులో ఉండాలంది. దాని మెరుగైన రూపం ఓబీడీ-2 1996 నుంచి అమెరికా అంతటా తప్పనిసరైంది. మన దేశంలో బీఎస్-4 పొగ ప్రమాణాల కార్లకి ఈ ఏర్పాటులో 2010 ఏప్రిల్‌లో మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి.

లైటు వెలిగినా కారు మామూలుగా పరిగెడుతుండటానికి కారణం ఇదే. అమెరికా నిబంధనల్లో చాలా పరీక్షలకి పెట్టిన హద్దు, పొగలోని విషవాయువులు అనుమతించిన పరిమితికి ఒకటిన్నర రెట్లు దాటే స్థితి. అంత తేడా డ్రైవరుకి తెలియదు. పికప్ తగ్గదు, శబ్దం మారదు. "బండి బాగానే ఉంది సార్, సెన్సర్ ప్రాబ్లమ్" అనే మాట అలా పుట్టుకొస్తుంది.

స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కి స్కానర్ తగిలిస్తే పి0171 అని వచ్చిందనుకుందాం. ఇంజన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ పోతోందని దాని అర్థం. ఈ సంగతి కంప్యూటర్‌కి చేరవేసింది సైలెన్సర్ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్. కబురు తెచ్చినవాణ్ణే పీకేసి కొత్తది పెట్టడం మన షెడ్లలో బాగా పాతుకుపోయిన వైద్యం. సెన్సర్ నిజమే చెప్పి ఉండవచ్చు కదా? పైగా దానికి పెట్రోలు కనిపించదు. పొగలో మిగిలిన ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. ఆ ఆక్సిజన్ పెరగడానికి దారులు చాలా ఉన్నాయి. గాలి లోపలికి వెళ్లే రబ్బరు గొట్టం పగిలి ఉండవచ్చు. పెట్రోలు పంపు బలం తగ్గి ఉండవచ్చు. సెన్సర్‌కి ముందు సైలెన్సర్ గొట్టంలో చిన్న చిల్లు ఉంటే, పొగ దెబ్బదెబ్బకీ మధ్య వచ్చే ఖాళీలో అది బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఒక సిలిండర్‌లో నిప్పు సరిగ్గా పడకపోతే అందులోని ఆక్సిజన్ వాడకుండానే బయటికొస్తుంది. అప్పుడు కంప్యూటర్ పెట్రోలు చాలడం లేదనుకుని ఇంకా పోస్తుంది! అసలు తప్పు ప్లగ్గుకి నిప్పు అందించే కాయిల్‌ది, కోడ్ మాత్రం పెట్రోలు గురించి.

కంప్యూటర్ చేసేవి పరీక్షలు. ఫలానా పరీక్ష ఫెయిలైందని చెబుతుంది తప్ప, ఫలానా పార్టు పాడైందని చెప్పదు. ఈ ఒక్క తేడా పట్టించుకోనందుకే పార్టుల బిల్లు పెరుగుతుంది.

మరి కోడ్ కొట్టేశాక లైటు వెంటనే ఎందుకు రాదు? పరీక్షలన్నీ ఎప్పుడూ నడవవు కాబట్టి. వైరు తెగడం లాంటివి కంప్యూటర్ తాళం తిప్పగానే చూసుకుంటుంది. కన్వర్టర్ పరీక్షకి మాత్రం ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, కొన్ని నిమిషాలు ఒకే వేగంతో నిలకడగా సాగాలి. హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి ఆఫీసుకి సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ వెళ్లే కారులో ఆ పరీక్ష రోజుల తరబడి పూర్తి కాకపోవచ్చు. సెలవు రోజున ఔటర్ రింగ్ రోడ్డెక్కి, విజయవాడ హైవే మీద సాఫీగా పోతుంటే మొదటిసారి పూర్తవుతుంది. ఫెయిలవుతుంది. అప్పుడు కూడా లైటు రాదు, ఎందుకంటే చాలా కోడ్‌లకి వరసగా రెండు ప్రయాణాల్లో ఫెయిలవ్వాలన్నది నియమం. మొదటిసారి లోపల రాసి పెట్టుకుంటుంది, రెండోసారి వెలిగిస్తుంది. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర లైటు చూసి "ఆ బంకులో పెట్రోలు బాగోలేదు" అనుకుంటాం. పాపం, ఆ బంకుకి ఏ సంబంధమూ లేదు.

ఇంకో మెలిక ఉంది. ఒక తప్పు ఉన్నప్పుడు కంప్యూటర్ కొన్ని పరీక్షల్ని పక్కన పెట్టేస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ మీదే అనుమానం ఉంటే, దాని రీడింగ్ మీద ఆధారపడ్డ కన్వర్టర్ పరీక్ష జరపదు. ఇంజన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజన్ తగినంత వేడెక్కదు, దాంతో మరికొన్ని పరీక్షలు మొదలే కావు. మెకానిక్ నిజాయితీగా థర్మోస్టాట్ మార్చాడు. వారానికి లైటు వచ్చింది. ఈసారిది ఇన్నాళ్లూ దాని వెనక దాక్కున్న వేరే తప్పు. కానీ డ్యాష్‌బోర్డు మీద బొమ్మ ఒక్కటే, అన్ని తప్పులకీ కలిపి. కోడ్ నంబరు చూడకుండా "మళ్లీ అదే వచ్చింది" అని గొడవ పడితే మెకానిక్‌కీ మనకీ ఇద్దరికీ అన్యాయమే.

పదే పదే వచ్చే కోడ్‌లలో పేరుమోసింది పి0420. కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని అర్థం. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. దాంతో పాటు ఆక్సిజన్‌ని పట్టి ఉంచి అవసరమైనప్పుడు వదిలే సీరియం ఆక్సైడ్ కూడా. కన్వర్టర్‌కి ముందున్న మామూలు జిర్కోనియా రకం ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ సుమారు 0.1 నుంచి 0.9 మధ్య ఊగుతూ ఉంటుంది, కంప్యూటర్ పెట్రోలుని కాస్త పెంచుతూ కాస్త తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి. కన్వర్టర్ వెనకున్న సెన్సర్ మాత్రం దాదాపు నిలకడగా ఉండాలి. వాగు పొంగినా తగ్గినా చెరువు తూము నీళ్లు ఒకే తీరుగా పారినట్టన్నమాట. చెరువు పూడిపోతే వాగు ఎలా ఉంటే తూమూ అలాగే. వెనక సెన్సర్ ముందు సెన్సర్‌లా ఊగడం మొదలైతే కంప్యూటర్ పి0420 రాస్తుంది.

చాలామంది ముందు ఆ వెనక సెన్సర్ మారుస్తారు. సాధారణంగా దానివల్ల ఫలితం ఉండదు. తర్వాత కన్వర్టర్ మారుస్తారు, కొన్ని నెలలు ప్రశాంతం, మళ్లీ పి0420. ఇక్కడ ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మొదటి కన్వర్టర్ ఎందుకు చచ్చింది? ఇంజన్ ఆయిల్ తాగుతుంటే ఆయిల్‌లోని భాస్వరం లోపలి పూత మీద పేరుకుంటుంది. నిప్పు పడని సిలిండర్ నుంచి వచ్చే పచ్చి పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించేంత వేడి పుట్టిస్తుంది. అవి బాగు చేయకుండా కొత్తది పెడితే దానికీ అదే గతి. చవక రకం కన్వర్టర్లలో ఆ ఖరీదైన లోహాలు తక్కువ ఉంటాయి కాబట్టి ఇంకా త్వరగా పోతాయి.

కోడ్ కన్నా ఎక్కువ చెప్పే అంకె ఫ్యూయల్ ట్రిమ్. వేసిన లెక్క కన్నా కంప్యూటర్ ఎంత శాతం ఎక్కువో తక్కువో పెట్రోలు పోయాల్సి వస్తోందో అది చూపిస్తుంది. సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే సాధారణంగా దిగులు పడక్కర్లేదు. ఐడిల్‌లో ప్లస్ ఇరవై ఉండి, 2500 ఆర్పీఎంకి లేపితే ప్లస్ నాలుగుకి దిగిందంటే ఎక్కడో గాలి లీకవుతోంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్ద వాటా అవుతుంది. ఐడిల్‌లో బాగుండి, లోడ్ మీద ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టరు, గాలి కొలిచే సెన్సర్ వైపు చూడాలి. ఒక జాగ్రత్త: మన రోడ్ల మీద తిరిగే చాలా చిన్న కార్లు గాలిని నేరుగా కొలవవు, మ్యాప్ సెన్సర్‌తో పీడనం చూసి లెక్క కడతాయి. వాటిలో గాలి లీకైతే ట్రిమ్ కన్నా ముందు ఐడిల్ ఆర్పీఎం పెరగడం కనిపిస్తుంది. ఈ సంగతి తెలియని మెకానిక్ లేని చోట వెతుకుతాడు.

ఈ20 పెట్రోలు గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. మామూలు పెట్రోలు ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిది కిలోలు చాలు. ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే లెక్క సుమారు పదమూడున్నరకి దిగుతుంది. అంటే అదే గాలికి ఇంకొంచెం ఇంధనం పోయాలి, ట్రిమ్ కొన్ని శాతం పైకి జరుగుతుంది. బాగున్న కారు దాన్ని సర్దుకుంటుంది. ఈ20 కోసం తయారుకాని పాత కారులో ఎప్పటినుంచో చిన్న గాలి లీకు ఉండి, ట్రిమ్ అప్పటికే అంచున ఉంటే, ఆ కొన్ని శాతమే లైటు వెలిగించవచ్చు. తప్పంతా పెట్రోలు మీదికి తోసేస్తే ఆ లీకు అలాగే ఉండిపోతుంది.

నాకు బాగా నచ్చిన పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. మూడో సిలిండర్‌లో నిప్పు పడటం లేదని పి0303 వచ్చింది. కొత్త కాయిల్ కొనే ముందు మూడో దాని కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దానిది మూడో దానికి పెట్టండి. కోడ్ పి0301గా మారితే దొంగ కాయిలే. పి0303గానే ఉంటే ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో, వైరింగో. వైరింగ్ అనేసరికి మన దగ్గర ఎలుకల్ని తలుచుకోవాల్సిందే. వానాకాలంలో వెచ్చటి ఇంజన్ పక్కన చేరి వైర్లు కొరుకుతాయి. పూర్తిగా తెగిన వైరు సులువుగా దొరుకుతుంది. సగం కొరికింది గుంతలో పడ్డప్పుడే తెగి మళ్లీ అతుక్కుంటుంది. పచ్చగా చిలుము పట్టిన కప్లర్, వదులైన ఎర్త్ వైరు కూడా ఇదే బాపతు. ఇలాంటివాటికి స్కానర్ కన్నా, ఇంజన్ ఆన్‌లో ఉండగా వైర్లని చేత్తో కదిపి చూసే ఓపికే ఎక్కువ పనికొస్తుంది.

కోడ్ పడిన క్షణంలో వేగం, ఆర్పీఎం, కూలెంట్ వేడి, ట్రిమ్ ఎంతున్నాయో కంప్యూటర్ దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ కొట్టేసినా, కొన్ని కార్లలో బ్యాటరీ టర్మినల్ తీసినా ఆ సాక్ష్యం పోతుంది. అందుకే షెడ్డులో మొదట అడగాల్సింది "ఎరేజ్ చేసే ముందు స్క్రీన్ ఫోటో తీసుకోనివ్వండి" అని. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ స్కానర్ ఉన్నా ఆ పని మనమే చేసుకోవచ్చు. రిపేరయ్యాక అదే స్కానర్‌లో రెడీనెస్ అనే పేజీ చూడండి. ఏ పరీక్షలు పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో కనిపిస్తుంది. కన్వర్టర్ వరస ఇంకా పూర్తి కాలేదని ఉంటే లైటు ఆరినందుకు సంబరపడేది ఏమీ లేదు. అమెరికాలో పొగ పరీక్షకి వెళ్లే ముందు కోడ్‌లు కొట్టేసే అలవాటుకి విరుగుడుగా, 2010 మోడళ్ల నుంచి స్కానర్‌కి చెరగని శాశ్వత కోడ్‌లు తెచ్చారు. ఆ పరీక్ష మళ్లీ నడిచి పాసైతేనే అవి పోతాయి.

ఇదంతా నిలకడగా వెలిగే లైటు సంగతి. దాంతో ఇంటికి వెళ్లవచ్చు, నింపాదిగా వెతకవచ్చు. లైటు ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం సిలిండర్‌లో నిప్పు పడటం లేదని, కన్వర్టర్ ఆ క్షణంలోనే కాలిపోతోందని అర్థం. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, పక్కకి ఆపి టోయింగ్ బండికి ఫోన్ చేయడం కొత్త కన్వర్టర్ కన్నా చాలా చవక.