వాంబాట్ బొరియలోకి ఎవరెవరు వచ్చారు?

పిల్లలూ,

2019 చివర్లో ఆస్ట్రేలియా అడవులు అంటుకుని నెలల తరబడి కాలుతున్నప్పుడు ఫోన్లలో ఒక కబురు తెగ తిరిగింది. వాంబాట్ అనే జంతువు, మంటల్లో చిక్కుకున్న చిన్న జంతువులను తోలుకొచ్చి తన బొరియలో దాచి కాపాడుతోందని. చదివితే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. మీకు నచ్చిందంటే మీ మనసు మంచిదనే అర్థం. కానీ అది జరగలేదు.

వాంబాట్ పొట్టి కాళ్లతో బొద్దుగా ఉంటుంది, పాతిక ముప్ఫై కిలోలు తూగుతుంది. గడ్డి తింటుంది, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. కంగారూకు ఉన్నట్టే దీనికీ పిల్లను మోసే సంచి ఉంది, కాకపోతే దాని మూతి వెనక్కి ఉంటుంది. తవ్వేటప్పుడు మట్టి పిల్ల మీద పడదన్నమాట! ఇది ఒంటరిగా బతికే జీవి. వేరే జంతువులను వెంటబెట్టుకుని నడిపించదు. మంటలొస్తే తన ప్రాణం కోసం తాను లోపలికి దూరుతుంది, అంతే.

అయినా ఆ కబురులో కొంత నిజం దాగి ఉంది. నాకు ఆ నిజమే ఎక్కువ ఇష్టం. వాంబాట్ బొరియలు కొన్ని 20 మీటర్ల దాకా సాగుతాయి. ఒక్క వాంబాటే చాలా బొరియలు వాడుకుంటుంది కాబట్టి కొన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంటాయి. పైన మంట ఎగసిపడుతున్నా లోపలి మట్టి అంతగా వేడెక్కదు. అందుకే చిన్న వాలబీలు (కంగారూల్లాంటివే, కాస్త చిన్నవి), ఒంటినిండా ముళ్లుండే ఎకిడ్నాలు, బల్లులు వాటంతట అవే వచ్చి అక్కడ తలదాచుకుంటాయి. తర్వాత పరిశోధకులు కాలిన అడవిలో బొరియల ముందు కెమెరాలు పెడితే రకరకాల జంతువులు, పక్షులు వచ్చిపోవడం కనిపించింది. తన కోసం తవ్వుకున్న గుంత ఇంతమందికి అక్కరకు రావడం చిన్న సంగతా?

ఉత్త కబురు నమ్మితే ఏం పోయిందంటారా? జంతువులు ఎలాగోలా బయటపడ్డాయిలే అనిపించేస్తుంది. ఆ మంటల్లో 33 మంది మనుషులు చనిపోయారు. చనిపోయినవో చెల్లాచెదురైనవో దాదాపు 300 కోట్ల జంతువులని అంచనా. వాటిలో ఎక్కువ భాగం బల్లులు, పాముల వంటివి. వాటి గురించి కన్నీళ్లు పెట్టించే కథ ఎవరూ పంపలేదు, నాకు అదే బాధ.

బొరియలోంచి ప్రాణాలతో బయటికొచ్చినా కష్టం తీరదు. తినడానికి గడ్డి లేదు, దాక్కోవడానికి పొద లేదు, వేటాడే నక్కలూ అడవిపాలైన పెంపుడు పిల్లులూ కాచుకుని ఉంటాయి. రాతిగుట్టల మీద బతికే రాక్ వాలబీలకు అదే జరిగింది. 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం వాటి కోసం హెలికాప్టర్ల నుంచి టన్నుల కొద్దీ క్యారెట్లు, చిలగడదుంపలు జారవిడిచింది.

క్యారెట్ తింటున్న వాలబీ ఫొటో దొరుకుతుంది, వెతికి చూడండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే దానికి జవాబుంది. అది మీ స్నేహితులందరికీ పంపండి.

మీ తాతయ్య