కుక్కపిల్ల ఉచ్చ గొడవ: ఇళ్లలో నేను రోజూ వినే అపోహలు

హైదరాబాద్‌లో ఇల్లిల్లూ తిరిగి కుక్కలకు ట్రైనింగ్ ఇవ్వడం నా పని. ఫోన్ ఎత్తగానే మొదటి మాట ఒక్కటే: "అన్నా, తెచ్చి వారమైంది, ఇల్లంతా పాడు చేస్తోంది." వెళ్లాక కుక్కపిల్ల కంటే ముందు నేను ఇంట్లో నేలను చూస్తాను, ఎన్ని గంటలకు ఏం పెడుతున్నారో అడుగుతాను. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అపోహ: ఉచ్చలో మూతి రాసి ఒకటి తగిలిస్తే మళ్లీ చేయదు.

వాస్తవం: చేస్తుంది, సోఫా వెనక్కి పోయి చేస్తుంది. మీ ముందు పోస్తే దెబ్బ పడుతుందన్నదే దానికి అర్థమైంది. అందుకే కిందికి తీసుకెళ్లి అరగంట తిప్పినా బిగబట్టుకుని, ఇంట్లోకి రాగానే వదిలేస్తుంది. "తప్పు చేశానని దానికి తెలుసు, ఆ మొహం చూడండి" అంటారు. ఆ మొహం మీదే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం 2009లో అచ్చయింది. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిడితే కుక్కలు ఆ మొహమే పెట్టాయి. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్నవైతే ఇంకా ఎక్కువ.

అపోహ: రెండు నెలలు నిండాయి, ఆపుకోవడం రావాలి.

వాస్తవం: మా లైనులో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, మహా అయితే అన్ని గంటలు ఆగగలదు. అంటే 2 నెలల పిల్లకు 3 గంటలు. అదీ పడుకుని ఉంటే. ఆటలో ఉంటే గంట కూడా కష్టమే. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట మధ్యలో తప్పకుండా వస్తుంది. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి బొమ్మ వదిలేసి, ముక్కు నేలకు ఆనించి గుండ్రంగా తిరిగిందంటే మీ చేతిలో ఉన్నది కొన్ని సెకన్లే. ఎత్తుకోండి. ఎత్తుకున్నంతసేపు చాలా పిల్లలు ఆపుకుంటాయి. సరైన చోట దించి, పని అయిన వెంటనే అక్కడే చిన్న ముక్క ఏదైనా తినిపించండి. ఇంట్లోకి వచ్చాక పెడితే అది దేనికిచ్చారో దానికి తెలియదు.

అపోహ: మొదటి రోజు నుంచే రోడ్డు మీదికి తీసుకెళ్లాలి.

వాస్తవం: కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టించి ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. 6-8 వారాల వయసులో మొదలుపెట్టిన టీకాలు, 3-4 వారాలకోసారి వేయిస్తూ 16 వారాల దాకా సాగుతాయి. డాక్టరు సరేననే దాకా వీధి కుక్కలు తిరిగే చోట దించొద్దు. బాల్కనీలో ఒక ట్రే చాలు.

ట్రేలో ఏం వేయాలన్న దగ్గరే అసలు కథ. ఆ మధ్య మలక్‌పేటలో ఒకింటికి వెళ్లాను. పెద్దావిడ నన్ను చూడగానే, "బిడ్డా, సరిగ్గా దేవుడి గది ముందరే పోస్తది. దీనికి బుద్ధి లేదు" అన్నారు. దేవుడి గది గడప ముందు జనపనార పట్టా ఉంది. పిల్లను ఎక్కడ తెచ్చారని అడిగితే ఫోన్‌లో వీడియో చూపించారు. రేకుల షెడ్డు, కింద పరిచిన గోనె సంచులు. పుట్టినప్పటి నుంచి గోనె మీదే పోసిన పిల్లకు, టైల్స్ ఇంట్లో గోనెలాంటిది ఆ పట్టా ఒక్కటే కనిపించింది. ఏ నేల మీద పోయాలన్నది రెండు నెలలు నిండేసరికే దాని కాళ్లకు అలవాటైపోతుంది. పట్టా తీయించి, గోనె ముక్క కత్తిరించి బాల్కనీ ట్రేలో వేశాం. ఉచ్చ తుడిచిన గుడ్డతో దాన్ని ఒకసారి అద్దాం. టైము చూసుకునే బాధ్యత పెద్దావిడే తీసుకున్నారు. సీరియల్ అయిపోయినప్పుడల్లా పిల్లను ట్రే దగ్గరికి మోశారు. వారం తిరక్కుండా గడప ముందు పొడిగా ఉంది. తర్వాత గోనె ముక్కను చిన్నది చేస్తూ గడ్డికి మార్చాం.

అపోహ: ఫినాయిల్ వేసి కడిగితే వాసన పోతుంది.

వాస్తవం: మన ముక్కుకు పోతుంది. దాని ముక్కుకు అడుగున ఉచ్చ వాసన తెలుస్తూనే ఉంటుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. పైగా ఆ తడిలో తిరిగి పాదాలు నాక్కుంటే దానికి ప్రమాదం. ముందు పొడిగుడ్డతో పూర్తిగా అద్ది, పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ (ఉచ్చ వాసనను మూలంలోనే విరగ్గొట్టే ద్రవం) వేసి కాసేపు వదిలేయండి.

నీళ్లు తగ్గిస్తే ఉచ్చ తగ్గుతుందనేది ఇంకొకటి. మే నెలలో మన ఊరి ఎండకు ఆ పని అస్సలు చేయొద్దు. పడుకునే ముందు గిన్నె తీస్తే తీయండి, పగలు మాత్రం నిండుగా ఉండాలి. వీధి నుంచి తెచ్చిన పిల్లలకు ట్రైనింగ్ ఎక్కదన్నదైతే ఒట్టి మాట. నా దగ్గర తొందరగా నేర్చుకున్నవాటిలో అవే ఎక్కువ.

అపోహ: చుట్టాలు రాగానే పోస్తుంది, అంతా పొగరు.

వాస్తవం: భయమో సంబరమో పట్టలేక వదిలేస్తుంది. మీదికి వంగకుండా, కళ్లలోకి చూడకుండా, పక్కన కూర్చుని పలకరించమని చుట్టాలకు చెప్పండి. పెరిగేకొద్దీ చాలావాటికి తగ్గిపోతుంది.

అన్నీ కుదిరాక ఉన్నట్టుండి పది నిమిషాలకోసారి చుక్క చుక్కగా పోస్తుంటే, రక్తం కనిపిస్తే, నన్ను పిలిచి లాభం లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. దగ్గర్లో డాక్టరు లేకపోతే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. వెళ్లేటప్పుడు పొద్దున్నే పోసిన ఉచ్చ కాస్త శుభ్రమైన డబ్బాలో పట్టి తీసుకెళ్లండి. కిందికి గరిటె పెడితే సులువుగా పట్టొచ్చు, ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.